పెరటికోళ్ల శత్రువులు - సంరక్షణోపాయములు



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మన పెరటిలో దినమెల్ల తిరుగుచుండు కోడిని గూర్చినది. పురాణమును గూర్చియో, వ్యాకరణమును గూర్చియో చెప్పవలసిన పంతులు కోడిపెట్టను గూర్చి చెప్పవచ్చినాడేమని కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొన్నను దోషము లేదు. అమరసింహుడంతటివాడు తన నిఘంటువున కోడిని మఱచిపోలేదు. కృకవాకువు, తామ్రచూడము, కుక్కుటము, చరణాయుధము అని దానికి నాలుగు పేర్లు చెప్పినాడు. ఇందు కడపటి పేరు నాకు మిక్కిలి యిష్టము. చరణములే ఆయుధములుగా గలది చరణాయుధము. పిల్లలకోడి తన పిల్లలమీదికి కుక్క వచ్చినపుడు ఱెక్కలు విచ్చి, మెడయీకలు నిక్కించి, ఎగిరి తన్నుట చూచినవారికి ఆ పేరెంత సార్థకమో తెలియును.

అయినను ఆ యాయుధము పగటి యాయుధమే కాని రాత్రి యాయుధము గాదు. పొద్దు గ్రుంకి చీకటి పడగానే కోడికి చూపు మందగించును. ఎక్కడ వ్రాలిన నక్కడనే ముడుచుకొని కూర్చుండును. పగలు కుక్కనెదిరించిన పెట్టయే రాత్రి జంగుపిల్లి మెడ పట్టుకొన్నను కదలజాలదు. కావున పగలు కోడి తన్ను తాను కొంత కాచుకొనును. రాత్రి మాత్రము మనమే కాచవలెను. ఈ నా ప్రసంగమునకెల్ల మూలసూత్ర మిదియే.

ఈ చిన్న విషయమునకింత ప్రస్తావన యేలయని యందురేమో. ముప్పదియైదేండ్లు పల్లెటూరి బడులలో పనిచేసినవాడను. పరీక్షరుసుము కట్టక, నోటుపుస్తకములు లేక పిల్లవాడు బడి మానినపుడు వాని యింటికి బోయి విచారించుచుంటిని. “సంతనాడు పుంజునమ్మి కట్టెదమయ్యా” యని తల్లులు చెప్పుట యెన్నియో పర్యాయములు వింటిని. పొలముమీద వచ్చు పైకము ఏడాదికొక్కటి రెండు మాఱులు వచ్చును. వచ్చుచునే ఎరువుల దుకాణమునకును, అప్పులవానికిని పోవును. కోడిమీద వచ్చు పైకము అట్టిది గాదు. అది యిల్లాలి కొంగుముడిలో నుండును. బిడ్డకు జ్వరము వచ్చిన మందు, పండుగకు రవికగుడ్డ, బడికి పుస్తకము, ఇవి యన్నియు దానిమీదనే గడచును. అందుచేత పది కోడిపిల్లలు గద్దపాలైనవనగా, పది పిల్లలు పోయినవని మాత్రమే మనము లెక్కింపరాదు. ఒక యింటిలో రానున్న ఆఱు మాసముల చిల్లరఖర్చు పోయినదని లెక్కింపవలెను.

ఇక శత్రువులెవ్వరో విచారింతము. వైద్యుడు రోగనిదానము చేయక మందీయడు. కోడి పోయినదనగానే “పిల్లి తినిపోయినది” యని యొకమాట యని యూరకుండుట మనకు వాడుక. తర్కశాస్త్రము చదివినవారు పొగను జూచి నిప్పు కలదని యూహించునట్లు, మిగిలిన గుర్తులను జూచి దొంగయెవ్వడో మన మూహింపవచ్చును.

పట్టపగలు, కనుమూసి తెఱచునంతలో, రక్తపుబొట్టయినను, ఈకయైనను లేకుండ పిల్ల మాయమైనచో అది ఆకాశమార్గపు దొంగ పని. గద్దయో, డేగయో, పిల్ల మఱీ చిన్నదైనచో కాకియో యగును. పందెపుకోళ్లకు రంగునుబట్టి డేగయనియు, కాకియనియు మనవారు పేర్లు పెట్టుదురు గాని, ఆ పేరుగల పుంజు పసిపిల్లగా నున్నపుడు నిజమైన డేగవాత బడకుండుట దాని యదృష్టము. గుడ్లు పెంకైనను మిగులకుండ పోయినచో పామో, ఉడుమో మ్రింగినదని తెలిసికొనవలెను. త్రాచును, జెఱ్ఱిపోతును ఈ పనిలో నేర్పరులు. పెంకులు పగిలి చుట్టును పడియున్నచో ముంగిసయో, కాకియో, పందికొక్కో వచ్చినది. ఒక్క పెట్ట మాత్రము పోయి, ఈకలు కంచెదాక వరుసగా పడియున్నచో జంగుపిల్లియో, నక్కయో యెత్తుకొనిపోయినది. నాలుగైదు కోళ్లు చీల్చబడి, తినబడకయే చెల్లాచెదరుగా పడియున్నచో నూటికి తొంబదిపాళ్లు అది ఊరకుక్కల పని. అవి ఆకలికన్న ఆటకే యెక్కువ చంపును. ముంగిస రాత్రి వచ్చునని కొందఱందురు గాని, అది పగటి జంతువు. తెల్లవాఱినది మొదలు ప్రొద్దు గ్రుంకువఱకు సందు దొరకినపుడెల్ల వచ్చును. రాత్రి వచ్చునవి జంగుపిల్లి, పునుగుపిల్లి, నక్క, పందికొక్కు మొదలగునవి.

ఇంకను సందేహమున్నచో ఒక సులభోపాయము కలదు. సాయంకాలము కోళ్లగూటి వాకిట మెత్తని బూడిదను పలుచగా చల్లుడు. తెల్లవాఱి చూచిన అడుగుజాడలు కనబడును. పిల్లిజాతివాని యడుగు గుండ్రముగా నుండి గోరుముద్ర లేకుండును. నడచునపుడు అది గోళ్లు లోనికి ముడుచుకొనును. కుక్కజాడయందును, నక్కజాడయందును గోళ్లగుర్తులు ముందు స్పష్టముగా నుండును. పాముజాడ చెప్పనక్కఱలేదు. ఇట్లు దొంగను గుర్తించినపిమ్మటనే ఉపాయము వెదకవలెను. ఆకాశము నుండి వచ్చువానికి కంచె యేమి చేయును? కన్నము త్రవ్వి వచ్చువానికి పైకప్పు యేమి చేయును?

మొదట రాత్రి రక్షణమును జెప్పెదను. ఇది సాధించినవాడు సగము విజయము సాధించినట్లే.

పలుచోట్ల కోళ్లు చెట్టుకొమ్మలమీదనో, ఇంటిచూరుమీదనో, పాత బండిమీదనో పండుకొనుచుండును. చెట్టుమీద నున్నవి గదా, భయము లేదని మనము నిద్రింతుము. కాని జంగుపిల్లియు, పునుగుపిల్లియు చెట్లెక్కుటలో మనకన్న సమర్థములు. మఱికొన్నిచోట్ల వెదురుగంపను బోర్లించి కోళ్లను మూయుదురు. గంప మంచిదే, కాని కుక్క ముట్టెతో త్రోసి దానిని దొరలించును, పాము దాని సందులలోనుండి దూరును. గంపనే వాడదలచినవారు దానిని ఇంటిలోపల నుంచి, పైన బరువైన రాయి పెట్టవలెను.

అన్నిటికన్న మేలైనది నేలనుండి రెండు మూడడుగుల యెత్తున నాలుగు కాళ్లమీద నిలుచు గూడు. ఇరువది కోళ్లకు అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు రాత్రిపూట సరిపోవును. అడుగున సన్నని వెదురుబద్దలు దగ్గఱగా పఱచిన రెట్ట క్రిందికి జారిపోవును, గూడు తడియక యుండును. ప్రక్కలకు కొట్టు ఇనుపజాలి కన్ను అరయంగుళమునకు మించరాదు. ఇది ముఖ్యము. పెద్దకన్నుల జాలి చౌకగా దొరకును గాని, దానిలో పిల్లపాము దూరును, పందికొక్కు మూతి దూర్చి పిల్లను లాగును. గూటికాళ్లకు నడుమ నున్నని రేకును చుట్టుగా కొట్టిన ఎలుకలును, పాములును ఎక్కుట కష్టమగును. గూడు గోడకును, చెట్టుకొమ్మకును ఆనుకొనియున్నచో ఈ రేకువలన ప్రయోజనము లేదు. తలుపునకు త్రాడు కట్టిన చాలదు, గడియ యుండవలెను. ఎత్తుగూడు కట్టజాలక నేలగూడే యుంచుకొన్నవారు పునాదిని రెండడుగుల లోతు త్రవ్వి రాళ్లతో నింపిన పందికొక్కు కన్నము వేయజాలదు.

గూడుండియు కోళ్లు దానిలోనికి రాకున్న నేమి లాభము? దానికి ఆడువారికి తెలిసిన యుపాయమే యుపాయము. దినమునందలి కడపటి మేత, గుప్పెడు నూకలో, తవుడుముద్దయో, సూర్యాస్తమయమునకు ముందు గూటిలోనే వేయవలెను. వారము దినములలో కోడి తనంతట తాను ఆ వేళకు వచ్చును. వచ్చినపిమ్మట లెక్కించి తలుపు మూయవలెను. లెక్కించుట మఱవరాదు. గూటికి రాని పెట్ట యెచ్చటనో పొదలో గ్రుడ్లు పెట్టి పొదుగుచుండును. అదియే ముందుగా నక్కవాత బడునది. ఉదయమున మిగిలిన మేతను ఊడ్చివేయవలెను. మిగిలిన గింజలకు ఎలుకలు వచ్చును, ఎలుకలకై పాము వచ్చును, వచ్చిన పాము గ్రుడ్లను కూడ చూచును. పామును మనమే విందునకు పిలిచి, వచ్చినదని యేడ్చుట తగునా?

ఇచ్చట నొక హెచ్చరిక. చీకటిలో గ్రుడ్లకొఱకు గూటిలోనికి చేయి పెట్టకుడు. పెట్టయఱచుచున్నదని చేయి దూర్చి పాముకాటునకు లోనగుట పల్లెలలో క్రొత్త కాదు. దీపము వేసి, కఱ్ఱతో కదలించి, పిమ్మట చేయి చాపవలెను. ఒకవేళ కాటు పడినచో మంత్రగానికొఱకు పోయి కాలము పోగొట్టక, కఱచిన యవయవమును కదలనీయక, తిన్నగా విషమునకు విరుగుడుమందు గల ఆసుపత్రికి కొనిపోవలెను. కోడిపిల్ల పోయిన మఱల వచ్చును. ఇల్లాలు పోయిన రాదు.

ఇక పగటి రక్షణము. పిల్లలు పొదిగి బయటికి వచ్చుటకు ఇరువదియొక్క దినములు పట్టునని మీరెఱుగుదురు. వచ్చినది మొదలు ఆఱు వారములు వాని ప్రాణము గాలిలో దీపము. ఆ ఆఱు వారములును పిల్లలకోడిని ఊరిమీదికి వదలరాదు. పెరటిలో బీరపాదునకో, దొండపాదునకో వేసిన పందిరి క్రింద నుంచవలెను. పందిరి మనకు కూరయు నిచ్చును, పిల్లలకు నీడయు నిచ్చును, గద్దకు కనుమఱుగునగును. పందిరి లేనివారు పాత చేపలవలను నాలుగు గుంజలకు బిగువుగా కట్టవచ్చును. వదులుగా నున్నచో దానిలో పక్షులు చిక్కుకొని చచ్చును. పెరటిలో అక్కడక్కడ గోరింట, కరివేప వంటి గుబురు చెట్లుండవలెను. బోసిపెరడు గద్దకు విస్తరి వేసినట్లు. మెఱయు బిళ్లలను, రంగుగుడ్డలను వ్రేలాడదీసిన గద్దలు కొన్నాళ్లు బెదరును. కాని చోటు మార్చకున్నచో అవియు అలవాటుపడును.

కోడి మాటను వినుటకు నేర్చుకొనుడు. ఆకాశమున గద్ద కనబడినపుడు పుంజు సన్నగా, దీర్ఘముగా ఒక విధమైన కూత కూయును. ఆ కూత వినగానే పిల్లలు పొదలలోనికి పరుగెత్తును. నేలమీద కుక్కయో, పిల్లియో కనబడినపుడట్లు గాదు. కొక్కొక్కొక్కని తెంపులేకుండ గట్టిగా అఱచును. ఈ రెండు కూతల భేదమును శాస్త్రజ్ఞులు పరీక్షించి ధ్రువపఱచినారు. మన ముసలమ్మలు పరీక్షింపకయే యెఱుగుదురు. ఎనిమిది పది పెట్టలకొక మంచి పుంజు నుంచుకొనుట ఇందువలననే ఉచితము. పుంజులన్నిటిని సంక్రాంతికి అమ్ముకొన్న యింట కావలివాడు లేనట్లే.

ఇప్పుడు పల్లెలలో క్రొత్తజాతులు వ్యాపించుచున్నవి. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనాసంస్థవారు పెరటి పెంపకమునకై వనరాజ, గ్రామప్రియ మొదలగు జాతులను తయారుచేసినారు. ఇవి నాటుకోడికన్న ఎక్కువ గ్రుడ్లు పెట్టును. వీనికి రంగురంగుల ఈకలుండుటవలన తెల్లకోళ్లవలె దూరమునుండి శత్రువునకు కనబడవు. కాని రెండు విషయములు గమనింపవలెను. వనరాజ బరువైన కోడి. నాటుకోడివలె చటుక్కున ఎగిరి గోడయెక్కజాలదు. ఈ జాతులకు పొదుగు గుణము తక్కువ. కావున పిల్లలు తల్లి లేకయే పెరుగును, గద్దను చూచి దాగుమని చెప్పువారు వానికి లేరు. అందుచేత వానిని ఆఱు వారములవఱకు లోపల వెచ్చగా పెంచి పిమ్మటనే పెరటిలోనికి వదలవలెను. నాటుపెట్ట క్రింద వీని గ్రుడ్లను పొదిగించిన మఱియు మంచిది. ఎక్కువ గ్రుడ్ల జాతియు, నాటుతల్లి కావలియు రెండును కలిసివచ్చును.

సంస్కృతమున అర్ధకుక్కుటీన్యాయమని యొకటి కలదు. ఒకడు కోడిలో సగము కోసి వండుకొని, సగమును గ్రుడ్లు పెట్టుటకు ఉంచుకొనదలచెనట! గ్రుడ్డును, మాంసమును, పైకమును మాత్రము కావలెను, సాయంకాలము తలుపు మూయు శ్రమ మాత్రము వలదనువాడు ఈ న్యాయమునకు తగిన యుదాహరణము.

ఇక చేయరాని పనులను గూర్చి రెండు మాటలు. కోపము వచ్చినపుడు కొందఱు మాంసమునకు విషము పూసి పెరటిలో వేయుదురు. ఆ విషమునకు నక్కయేది, నెమలియేది, పెంపుడుకుక్కయేది, ప్రాకులాడు పసిబిడ్డయేది తెలియదు. మఱికొందఱు కంచెకు విద్యుత్తు పెట్టుదురు. అడవిపందులకనియు, నక్కలకనియు పెట్టిన తీగ తగిలి, నీరు పెట్టబోయిన రైతులు, ఇంటివారే, మరణించిన వార్తలను మనము చదువుచునే యున్నాము. ఇది పాపము మాత్రమే గాదు, నేరము. ముంగిస, ఉడుము, త్రాచు, జంగుపిల్లి, డేగ మొదలగువానిని 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము కాపాడుచున్నది. చట్టము మాట యటుంచుడు. జంగుపిల్లియు, జెఱ్ఱిపోతును, గుడ్లగూబయు ఏడాదిలో తిను ఎలుకలను తినకున్నచో మన గాదెలలో నేమి మిగులును? దొంగ యున్నాడని ఊరిని తగులబెట్టుదుమా? తలుపునకు గడియ పెట్టుకొందుము. అట్లే యిదియు.

గ్రామపెద్దలారా! ఇంతవఱకు చెప్పినది ఇల్లాండ్ర పని. ఇక మీ పని చెప్పెదను, మన్నింపుడు.

మన కోళ్లకు నేడు అడవిజంతువులకన్న ఊరకుక్కల భయమే హెచ్చు. దీనికొక కారణమున్నది. పూర్వము ఊరిబయట పశుకళేబరమును వేసిన రాబందులు దిగి ఒక్కపూటలో ఎముకలు మిగిల్చిపోయెడివి. పశువులకు నొప్పిమందుగా నిచ్చిన డైక్లోఫెనాక్ అను ఔషధము ఆ మాంసముద్వారా రాబందుల మూత్రపిండములను చెఱచుటచే 1990 తరువాతి సంవత్సరములలో అవి మన దేశమున దాదాపుగా నశించినవి. 2006లో పశువులకు ఆ మందు నిచ్చుట నిషేధింపబడినది గాని, పోయిన రాబందులు పూర్వమువలె మఱల రాలేదు. ఇప్పుడా కళేబరములును, మాంసపు దుకాణముల వ్యర్థములును కుక్కల పాలగుచున్నవి. అట్లు మాంసమునకు మరగిన కుక్కలగుంపు కోడిని విడుచునా? కాబట్టి చచ్చిన పశువును, కోళ్లను, దుకాణపు వ్యర్థమును లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్పించుట పంచాయతీ చేయదగిన మొదటి పని. కొక్కెర తెగులుతో చచ్చిన కోళ్లను చెఱువుగట్టున పాఱవైచుట రెండువిధముల దోషము. తెగులును వ్యాపించును, కుక్కలును మరగును. ఆ తెగులునకు టీకాలు వేయించుటయు మఱవకుడు. తెగులుపట్టి తూగు కోడియే ముందుగా గద్దకు చిక్కును.

కుక్కలను చంపించుట చట్టవిరుద్ధము. 2023వ సంవత్సరపు నియమముల ప్రకారము వానికి సంతాననిరోధ శస్త్రచికిత్సయు, వెఱ్ఱికుక్కకాటు రోగమునకు టీకాయు చేయించుట స్థానికసంస్థల బాధ్యత. పశువైద్యునితో మాటలాడి ఆ యేర్పాటు చేయింపుడు.

రెండవది తగవులు. ఒకరి పెంపుడుకుక్క మఱియొకరి కోడిని చంపినదని రెండు కొంపలవారు ఏండ్ల తరబడి మాటలాడకుండుట మనకు తెలియనిది కాదు. రచ్చబండకు వచ్చినపుడు ఎవరు బలవంతులైన వారిమాట చెల్లుచుండును. కోడి పోగొట్టుకొన్న ముసలమ్మ కన్నీళ్లు తుడుచుకొనిపోవును. నా మనవి యొక్కటి. గ్రామసభలో ముందుగానే ఒక కట్టుబాటు చేసికొనుడు. పగటిపూట ఒకరి కుక్క మఱియొకరి పెరటికోడిని చంపినచో కుక్కవాడు సంతవెల చెల్లింపవలెను. రాత్రిపూట, గూడు మూయక బయట వదలిన కోడి పోయినచో కోడివారే భరింపవలెను. ఇట్లు చేసిన కుక్కవాడు పగలు కుక్కను కట్టివేయును, కోడివారు రాత్రి గూడు మూయుదురు. తగవు పుట్టకముందు చేసిన కట్టుబాటునకు పక్షపాతము తెలియదు. తగవు పుట్టినపిమ్మట చేసినదానికి తప్పక తెలియును.

మూడవది. ఒంటరి ముసలివారికిని, విధవరాండ్రకును జాలిగూడు కట్టుకొను శక్తి యుండదు. మహిళాసంఘములు మన పల్లెలలో అంతటను కలవు. పదిమంది కలిసి జాలిని ఒక్కచుట్టగా కొన్నచో వెల తగ్గును. ఊరి వడ్రంగి ఒక్కదినమున నాలుగు గూళ్లు కట్టగలడు. ఇద్దఱు ముగ్గురు పొరుగువారు ఒకేవారమున పెట్టలను పొదగవేసిన, పిల్లలన్నియు ఒకేమాఱు వచ్చును. ఒకే పందిరి క్రింద ఒక ముసలమ్మ అన్నిటిని కాచును. గద్ద ఇండ్లను వేఱువేఱుగా చూచి దోచుచున్నది. మనము కలిసి కాచుకొనుట మేలు గదా.

కోడి కూయకున్న తెల్లవాఱదాయని సామెత. తెల్లవాఱును, నిజమే. కాని కోడి కూయని యింట ఆ తెల్లవాఱుట యెట్లుండునో ఆ యిల్లాలినడుగవలెను. నేటి సాయంకాలము దీపము పెట్టు వేళకు మీ మీ యిండ్లలో గూటితలుపు దగ్గఱ ఒక్కక్షణము నిలిచి కోళ్లను లెక్కింపుడు. జాలికన్ను వ్రేలితో కొలిచి చూడుడు. గడియ బిగువుగా నున్నదో లేదో లాగి చూడుడు. లోపము కనబడినచో రేపటికి వాయిదా వేయకుడు. జంగుపిల్లికి రేపు అను మాట లేదు.